రెట్టింపు కాని అంకె

పెళ్లి కాకముందే నేను బోలెడుసార్లు నెల తప్పాను. అన్నీ ఫిల్మ్‌నగర్‌లోనే, ఏసీ గదిలో, మైకు ముందు.

నేను డబ్బింగ్ ఆర్టిస్టుని. బొంబాయి నుంచి వచ్చే హీరోయిన్లకి తెలుగు రాదు. వాళ్ల పెదాల కదలికకి నా గొంతు అతికించడం నా పని. సినిమాలో హీరోయిన్‌కి పెళ్లై, కళ్లు తిరిగి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని పెరట్లోకి పరుగెత్తిందంటే ఆ వాంతి నాది. వాంతికీ ఓ పద్ధతుంది. గాలిని గొంతు వెనకాల బిగబట్టి ఒక్కసారిగా వదలాలి. మైకు మీదకి కాకుండా కాస్త పక్కకి తిరిగి వదలాలి. ఈ విద్యలో నాకు మంచి పేరుండేది. ఆ తర్వాత తెర మీద ఓ పెద్దావిడ నాడి పట్టుకుని ముసిముసిగా నవ్వుతుంది, ఇల్లంతా మిఠాయిలు పంచుతారు. గర్భం తెలుసుకోవడమంటే అంతే అనుకుంటూ బతికాను.

అందుకే నాకు నిజంగా నెల తప్పినప్పుడు వాంతి ఎప్పుడొస్తుందా అని ఎదురుచూశాను. అది రాలేదు. ఎడమ పక్క పొత్తికడుపులో మాత్రం ఎవరో దారం కట్టి లాగుతున్నట్టు సన్నటి నొప్పి మొదలైంది.

హైటెక్ సిటీ కొత్తగా వెలిసిన రోజులవి. మా ఆయన మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ ఇంజినీరు. తెనాలి వైపు మనిషి. వేరేవాళ్లు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టుకోవడం ఆయన ఉద్యోగం, ఇంట్లో కూడా ఆ ఉద్యోగం మానడు. మందుల షాపు నుంచి తెచ్చిన గర్భపరీక్ష స్ట్రిప్పులో మొదటి గీత ఎర్రగా పడింది. రెండోది పడిందా అంటే పడింది, లేదా అంటే లేదు. దాన్ని ట్యూబ్‌లైట్ కింద పెట్టి చూశాడు, కిటికీ దగ్గర పెట్టి చూశాడు, కళ్లజోడు తీసి చూశాడు.

"ఇంతకీ ఇది పాసా, ఫెయిలా?" అన్నాడు.

"నన్నడిగితే? టెస్టింగ్ నీది" అన్నాను.

మా అమ్మకి ఫోన్ చేశాను. అమ్మ వెంగళరావు నగర్ నుంచి ఆటోలో దిగింది. ఒక చేతిలో తోటకూర, ఇంకో చేతిలో పాలకూర, చంకలో మెంతికూర. మా ఆయన్ని పలకరించకుండానే నా మొహం చేతుల్లోకి తీసుకుంది.

"వాంతులైతున్నయా?"

"లేదే."

"గదేంది బిడ్డా? సినిమాల్ల గన్ని చేస్తవు, ఇంట్ల ఒక్కటి గూడ ఎందుకు చేస్తలేవు?"

"నొప్పైతుంది అమ్మా, ఎడమ దిక్కు. రాత్రి జర ఎర్రగ గూడ కనవడ్డది."

మైకు ముందు నా నోట అచ్చమైన కోస్తా తెలుగు పలుకుతుంది. అమ్మ ఎదురుగా ఉంటే అదంతా చెప్పులతో పాటు గుమ్మం బయటే ఉండిపోతుంది. అమ్మ మొహంలో నవ్వు పోయింది. ఆకుకూరలు బల్ల మీద పడేసి, "డాక్టర్ కాడికి పోదాం పా" అంది.

జూబ్లీ హిల్స్‌లో ఓ పెద్ద ఇంటి కింది అంతస్తులో ఉండేది ఆ డాక్టరమ్మ క్లినిక్. బయట వరసగా కార్లు, వాటిని తుడిచిందే తుడుస్తూ డ్రైవర్లు. డాక్టరమ్మకి యాభై దాటి ఉంటాయి. నూలు చీర, నెత్తి మీద కళ్లజోడు. ఆ కళ్లజోడు కోసమే బల్లంతా వెతుకుతూ మా ముగ్గుర్నీ కూర్చోమంది.

"ఇదివరకు ఏమైనా ఆపరేషన్లయ్యాయా?"

"స్కూల్లో ఉండగా అపెండిక్స్ పగిలిందండీ. చాలా రోజులు ఆస్పత్రిలో ఉన్నాను."

ఆమె వెతకడం ఆపేసింది. నొప్పి ఎక్కడో చూపించమంది, నెమ్మదిగా నొక్కి చూసింది. తర్వాత స్కాన్ చేసింది. గర్భసంచిలో ఏమీ కనబడలేదు. మరీ తొలి రోజులు కాబట్టి కనబడకపోయినా ఆశ్చర్యం లేదంది.

"రక్తపరీక్ష చేద్దాం. బీటా హెచ్‌సీజీ అంటారు. గర్భం నిలిస్తే ఆ హార్మోను రక్తంలోకి వస్తుంది. ఒక్కసారి చూస్తే ఏమీ తేలదు. రెండు రోజులాగి మళ్లీ చూడాలి. సరైన చోట పెరుగుతుంటే ఈ దశలో ఆ అంకె దాదాపు రెట్టింపవుతుంది."

అమ్మ ముందుకి జరిగింది. "బేటా పరీక్షనా? మాకు బేటీ అయినా ఫికర్ లేదు డాక్టరమ్మా."

డాక్టరమ్మ మొహం గట్టిపడింది. "అమ్మా, ఆడో మగో చెప్పడం నేరం. గోడ మీద బోర్డుంది చూడండి."

"మరి మీరే గదా బేటా పరీక్ష అన్నది!"

మా ఆయన సర్దిచెప్పడానికి పూనుకున్నాడు. "అత్తయ్యగారూ, బేటా కాదండీ, బీటా. మా ఆఫీసులో కూడా ఉంటుంది. సాఫ్ట్‌వేర్ పూర్తిగా తయారవకముందే కొంతమందికిచ్చి వాడి చూడమంటాం, తప్పులుంటే..."

"ఇది అది కూడా కాదు" అంది డాక్టరమ్మ.

పక్క గదిలో రక్తం తీసే అతను నా చేతికి పట్టీ బిగిస్తూ అనుమానంగా చూశాడు. "మేడమ్, మీ గొంతు యాడనో విన్న."

ఆ మాట నాకు అలవాటే. నా మొహం ఎవరికీ తెలీదు, గొంతు మాత్రం అందరికీ చుట్టం. నేను జవాబు చెప్పేలోపే సూది దిగింది. "అబ్బా!" అన్నాను.

"ఆఁ! గీ అబ్బానే! మొన్న టాకీసుల విన్న!" అన్నాడు సంబరంగా. సూది తీయడం కూడా మర్చిపోయాడు.

మొదటి అంకె వచ్చింది. అది మంచిదో చెడ్డదో మాకెవరికీ తెలీదు. రెండు రోజులాగి మళ్లీ రక్తమిచ్చాను. ఆ రోజుల్లో మా చుట్టూ రెట్టింపు కానిదంటూ లేదు. మాదాపూర్‌లో స్థలాలు రెట్టింపు, మా ఇంటి కిరాయి రెట్టింపు, మా ఆయన పక్క సీటువాడు కంపెనీ మారితే వాడి జీతం రెట్టింపు. ఇంత చిన్న హార్మోనుకి అదేం కష్టమనుకున్నాను. మర్నాడు పొద్దున మా ఆయన రిపోర్టు తెచ్చుకుని, మెట్ల మీద నుంచే "పెరిగింది!" అని కేకేశాడు. అమ్మ వెంటనే అందరి నోట్లో చక్కెర పోసింది. రిపోర్టు డాక్టరమ్మ కూడా చూస్తుందనీ, చూసి ఫోన్ చేస్తుందనీ, ఫోన్ మాత్రం ఆపొద్దనీ చెప్పి మా ఆయన ఆఫీసుకి వెళ్లాడు. నేను డబ్బింగ్ థియేటర్‌కి వెళ్లాను.

సినిమా విడుదల దగ్గర పడింది. మిగిలింది ఒక్క సీను. ఏ సీనో వేరే చెప్పాలా? హీరోయిన్ వాంతి. దర్శకుడు భారీ మనిషి, అంతకంటే భారీ గొంతు. ఆయన అద్దం అవతల సౌండ్ ఇంజినీరు పక్కన కూర్చుని, బటన్ నొక్కి నాతో మాట్లాడేవాడు.

"అమ్మా, ఈ వాంతిలో సంతోషం వినబడాలి."

"వాంతిలో సంతోషమా సార్?"

"అవును. ఆరోగ్యమైన వాంతి. వినగానే ప్రేక్షకుడు పక్కవాడితో 'విశేషం' అనాలి."

మూడోసారికి ఆరోగ్యం వచ్చింది గానీ సంతోషం రాలేదు. నాలుగోసారికి ఊపిరి బిగబట్టేసరికి జేబులో ఫోన్ వణికింది. డాక్టరమ్మ. ఒక చెవి మీద హెడ్‌ఫోన్ తీసి ఫోన్ పెట్టుకున్నాను.

ఇక్కడ నా వృత్తిలో ఉన్న ఓ జబ్బు గురించి చెప్పాలి. డబ్బింగులో మాకు డైలాగు చెవిలో చెబుతారు, వెంటనే మేం దాన్ని భావంతో పలకాలి. ఏళ్ల తరబడి అదే పని చేస్తే చెవిలో పడిన మాట నోట్లోంచి వచ్చేస్తుంది. ఆ రోజూ అదే జరిగింది. మైకు తెరిచే ఉంది.

"పెరిగింది గానీ చాలినంత పెరగలేదా?" అన్నాను, ఆశ్చర్యంగా.

"సగం కూడా పెరగలేదా? ఇలా నెమ్మదిగా పెరిగితే గర్భం సంచిలో లేదేమోనని అనుమానమా?" అన్నాను, గొంతు వణికిస్తూ.

"ట్యూబులో ఇరుక్కుందేమోనా? పగిలితే లోపల రక్తం కారుతుందా?" అన్నాను. ఇందులో భావం నేను పెట్టింది కాదు.

"ఇప్పుడే రావాలా? ఒంటరిగా రావొద్దా?"

ఫోన్ పెట్టేసి తలెత్తాను. అద్దం అవతల అందరూ లేచి నిలబడి ఉన్నారు. సౌండ్ ఇంజినీరు నోరు తెరిచి చూస్తున్నాడు. టీ తెచ్చినాయన కప్పు ఎవరికీ ఇవ్వకుండా పట్టుకుని నిలబడిపోయాడు. హెడ్‌ఫోన్‌లో దర్శకుడి గొంతు, నేనెప్పుడూ వినని మెత్తదనంతో, "అమ్మా, కింద నా కారుంది. అందులో వెళ్లు" అంది. బటన్ మీద నుంచి వేలు తీయడం మర్చిపోయినట్టున్నాడు, ఆయన వెనక్కి తిరిగి అరిచింది కూడా నా చెవిలోనే పడింది. "ఎవరూ కదలకండి! కాదు కాదు, కదలండి! డ్రైవర్ని పిలవండయ్యా!"

డ్రైవర్‌కి ఏం చెప్పారో గానీ, ఫిల్మ్‌నగర్ వాలు రోడ్ల మీద ఆ కారు పెళ్లి ఊరేగింపులా నడిచింది. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా అతను ముందే "మేడమ్, జర పట్టుకోండి, ఒకటొస్తుంది" అని చెప్పి, దాన్ని ఎక్కించి, దించి, వెనక్కి తిరిగి నా మొహం చూసేవాడు. మమ్మల్ని ఓ సైకిల్ దాటిపోయింది.

"అన్నా, జర జల్ది పో" అన్నాను.

"జల్ది పొమ్మంటరు, కుదుపొద్దంటరు. నేనేం జెయ్యాలె మేడమ్?" అన్నాడు పాపం, చెమట తుడుచుకుంటూ.

కారెక్కగానే ఫోన్ చేస్తే, మా ఆయనా అమ్మా నాకంటే ముందే క్లినిక్ చేరుకున్నారు. డాక్టరమ్మ మళ్లీ స్కాన్ చేసింది. ఈసారి చాలాసేపు చూసింది. సంచి ఖాళీగా ఉంది. ఎడమ ట్యూబు పక్కన మాత్రం చిన్న ఉండలాంటిది కనబడింది.

"పెరిగింది కదండీ" అన్నాడు మా ఆయన, రిపోర్టు ఆమె ముందుకి తోస్తూ.

"పెరిగింది. ఎక్కడున్నా కొంత పెరుగుతుంది. సరైన చోట ఉంటే పెరిగే తీరు వేరు." ఆమె ఓ కాగితం మీద తలకిందులైన జామకాయలాంటి బొమ్మ గీసి, దానికి రెండు పక్కలా చేతుల్లా రెండు గొట్టాలు పెట్టింది. "పిండం ఈ గొట్టంలోంచి కిందికొచ్చి సంచిలో కుదురుకోవాలి. పాత ఇన్‌ఫెక్షన్ వల్ల దారి అతుక్కుపోయినట్టుంది, మధ్యలో ఆగిపోయింది. అక్కడ పెరిగేందుకు చోటు లేదు. వదిలేస్తే గొట్టం పగులుతుంది. ప్రాణం మీదకొస్తుంది."

అమ్మ ఆ బొమ్మ మీద వేలు పెట్టింది. గొట్టం మీద నుంచి సంచి దాకా ఆ వేలిని మెల్లగా జరిపింది.

"గింతే దూరమాయె గదా డాక్టరమ్మా. జర కిందికి జరపరాదా?"

నవ్వొచ్చేంత అమాయకమైన మాట. ఎవరమూ నవ్వలేదు. డాక్టరమ్మ అమ్మ చేతి మీద చెయ్యి వేసింది. "జరపగలిగితే నేనే జరిపేదాన్నమ్మా. అలాంటి వైద్యం లేదు."

తర్వాత ఆమె నా వైపు తిరిగింది. "నేను చదువుకునే రోజుల్లో ఈ పరీక్ష ఇంత సులువుగా దొరికేది కాదు. ఇలాంటివాళ్లు గొట్టం పగిలాక, తెల్లగా పాలిపోయి, స్పృహ లేకుండా స్ట్రెచర్ మీద వచ్చేవాళ్లు. అందరినీ దక్కించుకోలేకపోయాం. మీది పగల్లేదు. అంకె ఇంకా తక్కువలోనే ఉంది కాబట్టి కోత లేకుండా ఇంజెక్షన్‌తో కరిగించొచ్చు. మీరు నడిచొచ్చారు, అది చాలా పెద్ద సంగతి."

"కారులో వచ్చిందండీ" అన్నాడు మా ఆయన. తప్పులు దిద్దకుండా ఉండలేడు.

ఇంజెక్షన్ ఇచ్చారు. జాగ్రత్తలు చెప్పారు. కడుపులో నొప్పి ఎక్కువైనా, కళ్లు తిరిగినా, భుజం కొస నొప్పి పెట్టినా ఏ వేళనైనా సరే రావాలి.

"భుజమెందుకండీ?" అన్నాడు మా ఆయన.

"లోపల రక్తం కారితే ఆ నొప్పి భుజంలో తెలుస్తుంది."

అంతే. ఆ తర్వాత నేను గ్లాసందుకోవడానికి చెయ్యి చాపినా, జడ వేసుకోవడానికి మోచెయ్యి ఎత్తినా, "భుజమా?" అని ఉలిక్కిపడేవాడు. ఆఫీసు నుంచి ఫోన్ చేసి హలో అనకుండానే "భుజం?" అనేవాడు.

అన్నిటికంటే పెద్ద దెబ్బ అమ్మకి తగిలింది. ఈ మందు పనిచేసినన్నాళ్లు ఫోలిక్ యాసిడ్ మాత్రలు మానాలనీ, అది ఎక్కువగా ఉండే ఆకుకూరలు కూడా పక్కన పెట్టమనీ డాక్టరమ్మ చెప్పింది. నా పుట్టుక నుంచి ఆకుకూర తినమని నా వెంటపడిన మనిషి మా అమ్మ. చదువుకున్న డాక్టరు, అదీ జూబ్లీ హిల్స్ డాక్టరు, ఆకుకూర వద్దనడం ఆమె ఊహకందలేదు. బయటకొచ్చాక మా ఆయన్ని పక్కకి పిలిచి, "అల్లుడూ, గీమె నిజం డాక్టరేనా?" అని అడిగింది.

నా సంగతి ఫిల్మ్‌నగర్‌లో సాయంత్రం టీకల్లా అందరికీ తెలిసిపోయింది. తెలియక చస్తుందా, మైకులో చెప్పాను కదా. మేకప్ వేసే ఆవిడ కొబ్బరినీళ్లు పంపింది. ప్రొడక్షన్ మేనేజరు ఫోన్ చేసి, ఎలా ఉందని అడగడానికి మొహమాటపడి వాతావరణం గురించి మాట్లాడి పెట్టేశాడు. ఓ రచయిత మాత్రం పళ్లతో సహా ఇంటికొచ్చి, ఆ గొట్టం సంగతి రెండుసార్లు వివరంగా చెప్పించుకుని, "సెకండాఫ్‌కి బాగుంటుందమ్మా" అన్నాడు. అమ్మ ఆయన పళ్లు ఆయనకే ఇచ్చి పంపించింది.

నేను ఏడవలేదు. ఎంతమంది తరఫునో ఏడ్చిన గొంతు నాది, నా వంతొచ్చేసరికి అది ఊరుకుంది. పడుకుని ఫ్యాను చూస్తూ ఉండేదాన్ని. ఆ వచ్చినది ఎంత ఉండుంటుంది, ఆవగింజంతా, మినపగింజంతా? అది వస్తోందని తెలిసి వారం కూడా కాలేదు. అయినా ఇంట్లో ఒక మనిషి తగ్గినట్టే ఉండేది.

మందు పనిచేస్తే అంకె పడిపోవాలి. మొదటి పరీక్షలో కాస్త పెరగొచ్చు, కంగారు పడొద్దని డాక్టరమ్మ ముందే చెప్పింది. పెరిగింది కూడా. ఆ రిపోర్టు చూసి మా ఆయన గొంతు సవరించుకున్నాడు.

"డాక్టర్ గారూ, ఇది మళ్లీ పెరిగిందండీ. ఒకవేళ... అంటే... ఏదైనా పొరపాటై, అది మెల్లగా కిందికి..."

ఆయన వాక్యం పూర్తి చేయలేదు. ఆమె పూర్తి చేయమని అడగలేదు కూడా. "లేదండీ" అంది, అంతే.

నేను చీటీ తీసుకుని బయటకొచ్చేసరికి ఆయన కనబడలేదు. వెతికితే కార్ల దగ్గర, డ్రైవర్ల మధ్య నిలబడి కళ్లు తుడుచుకుంటున్నాడు. ఎవరి డ్రైవరో, పెద్దాయన, మా ఆయన వీపు మీద చెయ్యేసి, "మేడమ్ మంచిగున్నది గదా సార్. మంచిగైతది. ఊకోండి" అంటున్నాడు. అది చూశాక నాకు ఏడుపొచ్చింది. పెదాలకి అతికించాల్సిన పని లేని ఏడుపు, ఎలా వస్తే అలా వచ్చింది. ఆ పెద్దాయన ఇద్దర్నీ ఎలా సముదాయించాలో తెలీక తన కారు తలుపు తెరిచి ఏసీ వేసి కూర్చోమన్నాడు. ఎవరి కారో మాకు ఈనాటికీ తెలీదు.

ఆ తర్వాత అంకె దిగడం మొదలుపెట్టింది. అమ్మకి ఇక్కడ కొత్త చిక్కు. అంకె పెరగాలని పెద్దమ్మ తల్లి గుడిలో అంతకుముందే మొక్కుకుంది. ఇప్పుడు తగ్గాలి. మొక్కు మధ్యలో మార్చొచ్చా? వెళ్లి పూజారినే అడిగింది.

"ఏ అంకెమ్మా?" అన్నాడాయన.

అమ్మ హార్మోను సంగతంతా తనకి తెలిసినంతలో చెప్పింది. వెనక వరసలో జనం పెరిగిపోతున్నారు. ఆయన ఓపిగ్గా విని, "అమ్మా, నీ బిడ్డ బాగుండాలని మొక్కు. లెక్కలు అమ్మవారికి వదిలెయ్యి" అన్నాడు. అమ్మకి అది నచ్చింది. అయినా జాగ్రత్త కోసం, "తగ్గుడే మంచిదంట తల్లీ" అని అమ్మవారి చెవిలో వేసి వచ్చింది.

వారం వారం రక్తమిచ్చాను. చివరికి అంకె ఉందా లేదా అన్నట్టు అయిపోయింది. ఇక పరీక్షలు చాలంది డాక్టరమ్మ. కొన్ని నెలలు ఆగి, ఈసారి నెల తప్పగానే తన దగ్గరికి రమ్మంది.

మళ్లీ థియేటర్‌కి వెళ్లిన రోజు, ఆ వాంతి సీను చెప్పాలేమోనని భయంభయంగానే వెళ్లాను. దర్శకుడు దాన్ని తీసేశాడు. "సంగీతంతో నడిపించేశానమ్మా. అది వింటే నాకా ఫోనే గుర్తొస్తోంది" అన్నాడు, నా వైపు చూడకుండా. ఆయన వెళ్లాక సౌండ్ ఇంజినీరు దగ్గరికొచ్చాడు. "అక్కా, ఆ రోజు నువ్వు ఫోన్‌లో మాట్లాడిందంతా రికార్డయింది. అప్పుడే తుడిచేశాను. ఎవరికీ వినిపించలేదు" అన్నాడు. నాకు అది రికార్డయి ఉంటుందన్న ఆలోచనే రాలేదు. అతని చెయ్యి పట్టుకుని థాంక్స్ చెప్పాను.

ఏడాది తిరిగాక మళ్లీ నెల తప్పింది. ఈసారి ఎవరం స్ట్రిప్పుని కిటికీలో పెట్టి చూడలేదు, తిన్నగా రక్తమిచ్చాం. రెండు రోజులకి మళ్లీ ఇచ్చాం. అంకె రెట్టింపు దాటింది. మా ఆయన "పెరిగింది" అనలేదు. అనడానికి భయం. రిపోర్టు మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, డాక్టరమ్మ చెప్పేదాకా దాని మీద చెయ్యి తీయలేదు.

స్కాన్ గదిలోకి ఒక్కర్నే రమ్మంటే ముగ్గురం దూరాం. డాక్టరమ్మ తెరని మా వైపు తిప్పింది. బూడిదరంగు మబ్బులాంటి సంచి నడుమ, నల్లటి చిన్న చుక్క.

"ఇదిగో. ఉండాల్సిన చోటే ఉంది" అంది.

అమ్మ కళ్లజోడు పెట్టుకుంది, తీసింది, మళ్లీ పెట్టుకుంది. తెరకి మొహం ఆనించినంత దగ్గరగా వెళ్లింది.

"గింతేనా?" అంది.

"ఇప్పటికి ఇంతేనమ్మా" అంది డాక్టరమ్మ.

"గట్లనే ఉండనీ, జరపకుండ్రి" అంది అమ్మ. డాక్టరమ్మ నవ్వుతూ తెర ఆపబోయింది. మా ఆయన ఇంకొక్కసారి చూస్తానన్నాడు.